సదానందం సారు తుడిచిన గోడ

సదానందం సారు ఇరవై ఎనిమిదేళ్ల నౌకరీలో ఒక్కనాడు కూడా బోర్డు తుడవకుండా తరగతి దాటి బయటికి రాలేదు. గంట కొట్టినా, కడుపులో ఆకలి దంచినా, ఆఖరికి వాళ్ల నాయన పోయాడని కబురు వచ్చిన రోజున కూడా డస్టరు అందుకుని ఆ మూల నుంచి ఈ మూల దాకా శుభ్రంగా తుడిచి, అప్పుడు బస్టాండుకు పరుగెత్తారు. మన రాతలు అలాగే ఉంచి తర్వాతి టీచరుకు బోర్డు అప్పజెప్పడమంటే, ఎంగిలి విస్తరి తీయకుండా ఇంకొకరిని ఆ విస్తరి ముందు కూర్చోబెట్టడమేనని ఆయన సిద్ధాంతం. కొత్తగా చేరిన టీచర్లకు పాఠం ఎలా చెప్పాలో ఆయన ఎన్నడూ చెప్పలేదు గాని, బోర్డు ఎలా తుడవాలో మాత్రం అడక్కపోయినా చెప్పేవారు. ఈ కథలో జరిగిన అనర్థమంతా ఆ మర్యాద వల్లే జరిగింది.

నస్పూర్ దగ్గర బొగ్గుబావి కార్మికుల కాలనీని ఆనుకుని ఉన్న సర్కారు హైస్కూలు వాళ్లది. ఇంగ్లీషుకు ఇద్దరు టీచర్లు. ఎనిమిదీ పదీ సదానందం సారువి, తొమ్మిది హెప్సిబాది. సారు పుస్తకం మూసి పాఠం చెప్పే మనిషి. పదో తరగతి పుస్తకం ఆయన హయాంలో ఎన్నిసార్లు మారిందో అన్నిసార్లూ మొదటి నెలలోనే అట్ట నుంచి అట్ట దాకా నోటికి పట్టేశారు. పిల్లల చేతా అదే పట్టించేవారు. "బట్టీ అని నవ్వకుండ్రి. పుస్తకం చినిగిపోతది, సెల్లు పలిగిపోతది. నోట్లె ఉన్నదాన్ని దొంగ గూడ ఎత్తుకపోలేడు" అనేవారు స్టాఫ్ రూములో.

హెప్సిబా వచ్చి రెండేళ్లయింది. మంచిర్యాలలో మెథడిస్టు చర్చి ఆదివారం బడిలో చిన్నపిల్లలకు కథలు చెప్పీ చెప్పీ తేరిన గొంతు ఆమెది. కాని తరగతిలో ఆమె గొంతు పెద్దగా వినిపించేది కాదు. పిల్లల గొంతు వినిపించాలని ఆమె పట్టు. జూన్‌లో బడి తెరవగానే ఇంటర్నెట్టులో ఒక బోర్డు తెరిచింది. దాని మీద ఎవరైనా, ఎక్కడున్నా, ఫోనులో నుంచే ఒక చీటీ రాసి అంటించవచ్చు. ఆ చీటీ కింద మిగతావాళ్లు రాయవచ్చు. పిల్లలు దానికి 'మా గోడ' అని పేరు పెట్టుకున్నారు. ఏడాది పొడుగునా ఒకటే విషయం: మా ఇంట్లో రోజూ జరిగే, బయటివాళ్లకు తెలియని ఒక పని. రాసేదంతా ఇంగ్లీషులోనే రాయాలి. తప్పులు మాత్రం ఎవరూ ఎత్తిచూపకూడదు. అర్థం కాని చోట ప్రశ్న అడగాలి, అంతే.

"తప్పులు దిద్దని ఇంగ్లీషంటే ఉప్పెయ్యని పప్పే" అన్నారు సదానందం సారు, తన ఎర్రసిరా పెన్ను మూత బిగిస్తూ. హెప్సిబా నవ్వింది.

అసలు చిక్కు ఇంగ్లీషుతో రాలేదు, ఫోన్లతో వచ్చింది. సగం ఇళ్లలో ఫోను ఒక్కటే, అదీ బాపు చేతిలో. బాపు బావికి పోతే ఫోనూ పోతుంది. బావిలోకి ఫోను దించనివ్వరు గనుక అది షిఫ్టంతా పైన పెట్టెలో పడి ఉంటుంది గాని ఇంటికి మాత్రం రాదు. ఇంకొకరైతే ఈ పిల్లలకు ఇలాంటివి కుదరవని చేతులెత్తేసేవారు. హెప్సిబా ఒక చార్టు తెచ్చి తరగతి మొత్తాన్ని బాపుల షిఫ్టుల ప్రకారం విడదీసింది. మొదటి షిఫ్టు బాపుల పిల్లలు సాయంత్రం రాయాలి. రాత్రి షిఫ్టు వాళ్ల పిల్లలు, బాపు డ్యూటీకి లేచేలోపు ఆ చీటీలు చదివి ప్రశ్నలు పెట్టాలి. రెండో షిఫ్టు వాళ్ల పిల్లలు పొద్దున బడికి వచ్చే ముందు చూడాలి. వారం తిరిగి షిఫ్టులు మారితే సోమవారం చార్టు కూడా మారేది. ఆ చార్టు చూసిన రోజున సదానందం సారుకు, ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ కాలనీ పిల్లలకు పాఠం చెప్తూ వాళ్ల నాయనల షిఫ్టు ఏమిటని తాను ఒక్కసారైనా అడిగానా అని లోపల గుచ్చుకుంది.

గోడ తెరిచే లింకు ఆమె స్టాఫ్ గ్రూపులో పెట్టింది. ఎవరైనా నొక్కి చదువుకోవచ్చు. అందరూ బొటనవేలు బొమ్మలు పెట్టారు. సారు ఏ బొమ్మా పెట్టలేదు. మర్నాడు పొద్దున్నే చాయ్ ముందు పెట్టుకుని, భార్య సక్కుబాయి వాకిలి ఊడుస్తున్నప్పుడు, ఎవరో చూస్తారన్నట్టు ఇంటి గోడ వైపు తిరిగి కూర్చుని ఫోనులో తెరిచారు. ఆ తర్వాత రోజూ తెరిచారు. సక్కుబాయికి ఏదీ దాగదు. "ఏందయ్యా, పేపరు సుత బంద్ జేసినవ్, పొద్దుగాల పొద్దుగాల గా ఫోన్లెనే పడ్డవ్" అంటే, "ఆఫీసు పని" అని దబాయించారు.

ఆఫీసు పని కాదు, అదొక లోకం. దీపిక వాళ్ల బాపు రెండో షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు ఇంట్లో ఎవరూ తలుపు గొళ్లెం పెట్టరట, ఎందుకంటే గొళ్లెం చప్పుడు వింటే చిన్నతమ్ముడు లేస్తాడు. దాని కింద ఎవరో 'మరి కుక్క రాదా?' అని అడిగారు. దానికి దీపిక ఇంకో మూడు వాక్యాలు రాసింది. జేమ్స్ వాళ్ల తాత చర్చి గంట కొట్టే తాడుకు ప్రతి శనివారం నూనె రాస్తాడట. ఎందుకు రాస్తాడని నలుగురు అడిగారు. ఎర్రసిరాతో దిద్దితే ఒక్కసారి చూసి సంచిలో పడేసే పిల్లలు, పక్కవాడు 'నాకు అర్థం కాలేదు' అంటే మాత్రం ఆ చీటీ కింద పట్టుదలగా మళ్లీ మళ్లీ రాస్తున్నారు. అది చూసి సారుకు ముచ్చటేసింది, కొంచెం కడుపు మండింది, మళ్లీ ముచ్చటే గెలిచింది.

అన్నిటికన్నా ఆయన ఎక్కువసార్లు చదివింది వందన చీటీ. వందన పోయిన ఏడాది ఎనిమిదిలో ఆయన తరగతిలోనే ఉంది. ఏడాదంతా నోరు తెరవలేదు. లేపి నిలబెడితే నిలబడేది, కూర్చోమంటే కూర్చునేది. సారు ఆమె ప్రగతి పత్రంలో 'ఆసక్తి లేదు' అని రాసి సంతకం పెట్టారు. ఆ వందన గోడ మీద నాలుగు ముక్కలు రాసింది: 'మా బాపు మస్కట్‌లో ఉంటాడు. శుక్రవారం ఫోను చేస్తాడు. నేను ఫోను పట్టుకుంటాను. మా అవ్వ మాట్లాడుతుంది.' అవ్వ అంటే వాళ్ల అమ్మ. నాలుగే ముక్కలు. ఆసక్తి లేని పిల్ల రాసే ముక్కలు కావవి. తాను పెట్టిన ఆ సంతకం గుర్తొచ్చినప్పుడల్లా సారుకు చాయ్ రుచించేది కాదు.

నోటికి పట్టాలని ఆయన అనుకోలేదు. అలవాటైన నోరు ఊరుకుంటుందా, దసరా సెలవులు అయ్యేసరికి గోడ మొత్తం ఆయన నాలుక మీదికి వచ్చేసింది.

అక్టోబరు చివర్లో కబురొచ్చింది. పిల్లలు ఫోన్లు పట్టుకుని చెడిపోతున్నారని కొందరు తల్లిదండ్రులు పైకి రాసుకున్నారట, గురువారం జిల్లా నుంచి అధికారి వచ్చి గోడ చూస్తారట. హెడ్మాస్టరు లక్ష్మీరాజం హెప్సిబాను పిలిచి చెప్పాడు: "మేడం, ఆఫీసర్ సారుకు గోడ నచ్చితే నడుస్తది. లేకుంటే గా దినమే బంద్. నా చేతులల్ల ఏం లేదు."

బుధవారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతి వాళ్లు డిజిటల్ ప్యానెల్ ఉన్న గదిలో గోడను తెర మీద పెట్టి చివరిసారి చూసుకున్నారు. గంట కొట్టగానే లక్ష్మీరాజం రేపటి ఏర్పాట్ల కోసం పిలిస్తే, హెప్సిబా తన పేరుతో తెరిచిన గోడను ప్యానెల్ మీద అలాగే వదిలి ఆఫీసుకు పరుగెత్తింది. ఆ వెంటనే సదానందం సారు పదో తరగతిని తీసుకుని అదే గదికి వచ్చారు. ప్యానెల్ పక్కన ఉన్న పచ్చబోర్డు మీద చాక్‌పీసుతో పాఠం ముగించారు. గంట కొట్టింది. పిల్లలు వెళ్లిపోయారు. ఆయన పచ్చబోర్డు తుడిచారు. చేతులు దులుపుకోబోతూ పక్కకు చూస్తే, ప్యానెల్ నిండా రాతలు. తర్వాతి పీరియడు లెక్కల టీచరు పద్మలతది. మంది రాతల మీద ఆమె లెక్కలెట్లా చెప్తుంది పాపం, అనుకున్నారు.

పై మూలన మూడు చుక్కలు కనిపిస్తే నొక్కారు. కిందికి ఒక పట్టీ జారింది. అందులో అన్నీ తుడిచేయమనే మాట కనిపించింది, దాన్ని నొక్కారు. నిశ్చయమేనా అని అడిగింది. ఇన్నేళ్లలో తుడిచేవాణ్ణి తిరిగి ప్రశ్నించిన బోర్డు ఇదొక్కటే అనుకుని సారు తనలో తాను నవ్వుకున్నారు. నిశ్చయమే అని నొక్కారు. బోర్డు తుడిస్తే పిల్లల నోటుబుక్కులు ఎక్కడికి పోతాయి, గోడ ఫోన్లలో పదిలంగా ఉంటుందని ఆయన ధీమా. తెర తెల్లగా మెరిసింది. సాయంత్రం బడి విడవగానే సంతృప్తిగా ఇంటికి వెళ్లారు.

గురువారం పొద్దున చాయ్ ముందు పెట్టుకుని ఫోను తెరిచారు. గోడ తెల్లగా ఉంది. మూసి మళ్లీ తెరిచారు. అప్పుడు గాని నిన్న తాను నొక్కింది ఏమిటో అర్థం కాలేదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. ముప్పై ఆరుగురు పిల్లలు, నాలుగు నెలలు, ఎందరో బాపుల షిఫ్టులు, అన్నీ ఒక్క వేలి కింద పోయాయి.

నిజం చెప్పాలంటే ఆయనకు మొట్టమొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. గదిలో ఎవరూ లేరు, ఎవరూ చూడలేదు. ఇంకో మూడేళ్లలో రిటైరుమెంటు. ఈ వయసులో పిల్లల ముందు, చిన్నదాని ముందు తలదించుకోవాలా? ఈ ఆలోచన ఎంతసేపు ఉందో గాని, వందన నాలుగు ముక్కలు గుర్తుకొచ్చి అది తోక ముడిచింది. సారు లేచి తెల్లకాగితాల కట్ట తీశారు. చీటీ వెంట చీటీ, ఎవరెవరివో పేర్లతో సహా, పిల్లలు రాసిన తప్పులతో సహా రాయడం మొదలుపెట్టారు. "చాయ్ చల్లారిపాయెనయ్యా" అని సక్కుబాయి రెండుసార్లు అంది. తొమ్మిదయ్యేసరికి ముప్పై మూడు చీటీలు కాగితం మీదికి వచ్చాయి. మూడు ఎంత గింజుకున్నా రాలేదు. నోట్లో ఉన్నదాన్ని దొంగ ఎత్తుకుపోలేడన్న మనిషికి ఆ మూడూ ముళ్లలా గుచ్చుకున్నాయి.

బడికి వెళ్లేసరికి ప్యానెల్ గదిలో లక్ష్మీరాజం అటూ ఇటూ తిరుగుతున్నాడు. హెప్సిబా కళ్లు వాచి ఉన్నాయి. పోయినవి తిరిగి తెచ్చే దారి కోసం ఆమె తెల్లవారిందగ్గర నుంచి తెలిసినవాళ్లందరినీ అడిగింది, దొరకలేదు.

"ఎవడో పిల్లగాని పనే అయ్యుంటది. పిలువుండ్రి అందర్ని, అడుగుదాం" అన్నాడు లక్ష్మీరాజం.

"పిల్లలను అడగొద్దు సార్" అంది హెప్సిబా. "తెరిచి పెట్టి పోయింది నేను. ఎవలు తుడిచినా తప్పు నాదే. ఆఫీసర్ సారుకు గదే చెప్త."

సదానందం సారు గడపలో నిలబడి విన్నారు. నోరు తెరిచేలోపే బయట జీపు ఆగింది.

అధికారి పేరు పర్శరాములు. తక్కువ మాట్లాడే మనిషి. తొమ్మిదో తరగతి పిల్లలు బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. వాళ్ల ముఖాలు చూస్తే గోడ సంగతి అందరికీ తెలిసిందని అర్థమవుతోంది. హెప్సిబా ముందుకు వచ్చి, "సార్, మీకు చూపెడదామనుకున్న పని నిన్న పోయింది. నా నిర్లక్ష్యం..." అని మొదలుపెట్టింది.

"ఆమెది కాదు సార్. నేనే తుడిచిన."

అందరూ వెనక్కి తిరిగారు. సదానందం సారు చేతిలో కాగితాల కట్టతో నడిచి ముందుకు వచ్చారు.

"నిన్న నా పీరియడ్ అయినంక తుడిచిన. వెనుకొచ్చే మేడం కోసం బోర్డు సాఫ్ చేసుడు నాకు అలవాటు. గిది గట్లాంటి బోర్డు కాదని నాకు తెల్వలే. ఈ పిల్ల నాలుగు నెలలు తండ్లాడి చేసిన పని సార్ ఇది. నా నౌకరీ మొత్తంల నేను చెయ్యని పని. పొద్దుగాల లేసి రోజు చదివిన నేను. ఎవ్వలికి చెప్పలే." ఆయన హెప్సిబా వైపు తిరిగారు. "మాఫ్ చెయ్యి బిడ్డా. నీ గోడ నా నోట్లె ఉన్నది. మూడు తక్కువ."

హెప్సిబా ఆయన చేతిలోని కాగితాల వైపు, ఆయన ముఖం వైపు మార్చి మార్చి చూసింది. బడిలో ఉన్న పది ట్యాబులూ తెచ్చి పిల్లలకు పంచింది. "సార్ చెప్తరు, మీరు ఎక్కియ్యుండ్రి" అంది.

సారు కళ్లజోడు సర్దుకున్నారు. కాగితం చూడాల్సిన అవసరం ఆయనకు లేదు. ఎవరిదో మొదలుపెట్టాలి గనుక, నాలుక చివర ఉన్నదే మొదలుపెట్టారు. వందన చీటీ. మస్కట్, శుక్రవారం, ఫోను, అవ్వ. ఇంగ్లీషులో నాలుగు ముక్కలూ ఒక్క పొల్లు పోకుండా, గంభీరంగా, పాఠం చెప్పినట్టు చెప్పారు. చెప్పి ఆగారు.

మూడో బెంచీలో వందన లేచి నిలబడింది. ఎవరూ ఆమెను లేపలేదు.

"నాట్ లైక్ దట్, సార్" అంది.

ఏడాదంతా తన ముందు నిలబడి పెదవి కదపని పిల్ల. సారు కాగితాలు కిందికి దించి అడిగారు. "మరెట్ల బిడ్డా?"

"గది జూన్ల రాసింది సార్. ఇప్పుడు గట్ల రాయ." ఇంకేమీ చెప్పకుండా కూర్చుని ట్యాబు ముందుకు లాక్కుంది. జేమ్స్ కూడా అన్నాడు, తన తాత తాడు సంగతి కూడా అలా కాదని. దీపిక, తనదీ కాదంది. చూస్తుండగానే తరగతి మొత్తం తలలు వంచి రాయడంలో పడింది. ఒక ట్యాబు దగ్గర నలుగురు, ఒకరి తర్వాత ఒకరు. "గీడ అర్థమైతలేదు, ఎవలు లేసిండ్రు?" "మా తాత." "గట్ల రాయి మరి." సదానందం సారు చెప్పడానికి ఇంకా ముప్పై రెండు చీటీలున్నాయి, వినేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఆయన ఇన్నేళ్లలో ఇంత అవమానం ఎన్నడూ పడలేదు, ఇంత సంతోషమూ పడలేదు.

తెల్లటి తెర మీద ఒక్కో చీటీ అంటుకుంటోంది. పర్శరాములు లేచి వచ్చి, "ఆ కాగితాలు ఇటియ్యుండ్రి" అని తీసుకుని ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. ఒక చేత్తో సారు రాసిన జూన్ నాటి చీటీ పట్టుకుని, తెర మీద అదే పేరుతో ఈరోజు రాసింది చదువుతున్నాడు. జేమ్స్‌ది చదివాడు, దీపికది చదివాడు. లక్ష్మీరాజం చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"మేడం" అన్నాడు పర్శరాములు చివరికి. "గోడ ఉన్నదున్నట్టు చూసి ఉంటే పిల్లలు మంచిగనే రాసిండ్రు అనుకొని పోదును. గీ కాగితాలు చూస్తే తెలుస్తున్నది, యాడ మొదలుపెట్టి యాడిదాక వచ్చిండ్రో. బంద్ చెయ్యుమన్నోళ్లకు నేను జవాబు చెప్త. గీ కట్ట నేను తీస్కపోత."

అప్పుడు వందన చీటీ తెర మీదికి వచ్చింది. సారు దగ్గరికి జరిగి, కళ్లజోడు తుడుచుకుని చదివారు.

'శుక్రవారం మా బాపు మస్కట్ నుంచి ఫోను చేస్తాడు. మా అవ్వ చేతులు ఎప్పుడూ బీడీ ఆకు మీదే ఉంటాయి గనుక ఫోను నేను పట్టుకుంటాను. అరగంట మాట్లాడుకుంటారు. నేను అక్కడ ఉన్నానని ఇద్దరూ మరిచిపోతారు. తిన్నావా అని అవ్వ అడుగుతుంది. తిన్నాను అని బాపు అంటాడు. ఆరేళ్లుగా వింటున్నాను. ఏ శుక్రవారం తిన్నాడో, ఏ శుక్రవారం తినలేదో గొంతు పట్టి నాకు తెలుస్తుంది. అవ్వకు చెప్పను.'

సారు రెండోసారి చదవలేకపోయారు. తాను ఆసక్తి లేదని సంతకం పెట్టిన పిల్ల ఏడాదంతా తన తరగతిలో ఇలాగే విని ఉంటుంది, గొంతు పట్టి తనను ఎంత పోల్చుకుందో ఏమో. పక్క బెంచీలో ఖాళీ అయిన ట్యాబు ఒకటి కనిపిస్తే తీసుకుని పిల్లల మధ్య కూర్చున్నారు. వందన చీటీ కింద ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఒక ప్రశ్న రాశారు. కింద తన పేరు కూడా రాశారు. ఆయన గోడ మీద రాసిన మొదటి మాట అదే: 'మరి బాపును నువ్వేమీ అడగవా?'

గంట కొట్టింది. పద్మలత లెక్కల పుస్తకంతో గడపలోకి వచ్చింది. సారు మర్యాదగా లేవబోయారు. తెర వైపు చూసి ఆమె, "ఉండనియ్యుండ్రి సార్" అని గది గోడకు ఆనుకుని నిలబడింది.

ప్రశ్న కింద వందన జవాబు వచ్చింది. 'ఈ శుక్రవారం అడుగుతాను సార్. బాపు కంపెనీలో ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఇంగ్లీషులో అడిగితే అవ్వకు అర్థం కాదు. అప్పుడు నిజం చెప్తాడు.'